ఎవరి బొమ్మ వాళ్లు ఎంచుకోరు

కొత్త వస్తువు ఏది కనబడినా అలివేలు చెయ్యి ఊరుకోదు. వాషర్‌మెన్‌పేట్‌లో వాళ్ల వీధి మొత్తానికి నూనె లేకుండా అప్పడాలు కాల్చే కరెంటు పెట్టె మొదట కొన్నది ఆమే. అందులో వడలు వేసి, అవి రాళ్లలా తయారైతే పెరుగులో నానబెట్టి మొగుడికి పెట్టిందీ ఆమే. దామోదరం స్టీలు సామాన్ల హోల్‌సేల్ వ్యాపారి, పెళ్లికి ముందు నుంచీ ఒకే రకం చెంబులు అమ్ముతున్న మనిషి. పెళ్లాం ఇంటికి తెచ్చిన ప్రతి కొత్తదాన్నీ చూసి "ఇది ఎన్నాళ్లకు అటకెక్కుతాదో" అంటాడు. అంతకుమించి అడ్డు చెప్పడు.

అటువంటి అలివేలు ఆ శనివారం పొద్దున కొలువు బొమ్మల పెట్టెలు అటక మీదనుంచి దింపించుకుని, వాటి ముందు చతికిలబడి, ఏదీ విప్పకుండా చాలాసేపు కూర్చుంది.

కోడలు భావన లాప్‌టాప్ మూసి వచ్చి పక్కన కూర్చుంది. రాజమండ్రి పిల్ల. ఈ ఇంట్లో ఆమెకిది మొదటి నవరాత్రి. పాత పంచె ముక్కల్లో చుట్టిన బొమ్మల్ని ఒక్కొక్కటీ విప్పుతుంటే అలివేలు అందుకుని, మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, తడి దూదితో మొహం తుడిచి, కళ్ల దగ్గర మాత్రం దూది కొనను వత్తి పట్టుకుని రంగు చెదరకుండా అద్దింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

"అత్తయ్యా, మీకు కొత్తవంటే అంత ఇష్టం కదా. మన బొమ్మలేంటి అన్నీ పాతకాలంవే ఉన్నాయి?" అంది భావన. ఆమె ముందు దశావతారాలు, అష్టలక్ష్ములు, పప్పులూ బియ్యం ముందు పెట్టుకుని బొజ్జలతో కూర్చున్న సెట్టియారూ ఆయన పెళ్లామూ వరసగా ఉన్నారు.

"ఇవి నేను ఎంచినవి కాదుమా. హేమ ఎంచినవి."

కొలువు పెట్టే ఇంట్లో ఏటా కనీసం ఒక్క కొత్త బొమ్మ చేరాలి. అది అందరికీ ఉన్న ఆచారమే. అలివేలూ, ఆమె స్నేహితురాలు హేమమాలినీ దానికి తమదొక ముడి వేసుకున్నారు. ఎవరి బొమ్మ వాళ్లు ఎంచుకోకూడదు. అమావాస్యకు ముందొచ్చే ఆదివారం ఇద్దరూ కలిసి బొమ్మలు చేసే కొసపేటకు పోతారు. హేమ ఎంచింది అలివేలు ఇంటికి, అలివేలు ఎంచింది హేమ ఇంటికి. నచ్చలేదని మొహం చిట్లించవచ్చు కానీ వద్దనడానికి లేదు. అందుకే, పద్ధతి తప్పని హేమ ఇంట్లో దేవుళ్ల పక్కన ఏటీఎం మిషనూ, రాకెట్టూ, మొహానికి మాస్కు కట్టుకున్న నర్సూ కొలువు తీరేవి. ఆమె అత్తగారు ఉన్నన్నాళ్లూ ఆ రాకెట్టుకు వీపు పెట్టుకునే పాటలు పాడేది. కొత్తంటే పడిచచ్చే అలివేలు ఇంట్లో మాత్రం మెట్టుమెట్టుకూ పురాణమే.

"భలే ఉందే," అంది భావన. "మరి రేపేగా ఆదివారం. వెళ్తున్నారా ఇద్దరూ?"

"హేమ వాళ్లకు ఏటి సూతకం గదా. ఆ ఇంట్లో ఈ ఏడు కొలువు లేదు. ఇంక బొమ్మ ఎందుకు?"

హేమ భర్త వెంకటాచలం మాఘమాసంలో పోయాడు. మొదట్లో అలివేలు వారానికొకసారి తొండియార్‌పేట పోయి కూర్చునేది. హేమ మాట్లాడేది కాదు. ఏడ్చినా బాగుండేది, ఏడ్చేది కూడా కాదు. కాఫీ ఇచ్చేది, గ్లాసు తీసుకుపోయేది. తర్వాత తర్వాత అలివేలు ఫోను మాత్రమే చేసింది. ఆ తర్వాత ఫోను చేతిలోకి తీసుకుని, ఏం మాట్లాడాలో తోచక కింద పెట్టేయడం మొదలైంది. కొత్తవి ఎన్నో కనిపెట్టగలిగిన మనిషికి ఆ ఒక్కదానికీ ఉపాయం తట్టలేదు. ఇప్పుడు హేమను తలుచుకుంటే బాధ కూడా రావడం లేదు. ఎక్కడో లోపల మొద్దుబారిపోయింది.

"నేనొస్తాలెండి అత్తయ్యా మీతో," అంది భావన.

"సరి," అంది అలివేలు.

కొసపేటకు పోవాలంటే తొండియార్‌పేట మీదుగా పోవడం చుట్టుదారి. అయినా ఏటా ఆటో ముందు ఉత్తరానికి పోయి, వాకిట్లో చేతిసంచితో నిలబడి ఉండే హేమను ఎక్కించుకుని, మళ్లీ వచ్చినదారినే వెనక్కి వచ్చేది. ఆ డబ్బుతో ఇంకో బొమ్మ వస్తుందని దామోదరం ఎగతాళి చేసేవాడు. ఈసారి భావన ఫోన్లో పిలిచిన ఆటో నేరుగా పోయింది. మలుపు దగ్గర అలివేలు చెయ్యి అలవాటు కొద్దీ కుడివైపుకు లేచింది. డ్రైవరు చూడలేదు. ఆమె చెయ్యి దించుకుని చీర కొంగు సర్దుకుంది.

కుమ్మరుల వీధి పొడుగునా బొమ్మలు ఎండకు ఆరుతున్నాయి. పచ్చి రంగు వాసన, గడ్డి వాసన. కలైసెల్వి తన కొట్టు ముందు పీట వేసుకుని, ఒక మురుగనుకు కనుబొమలు దిద్దుతోంది. అలివేలును చూసి నవ్వి, కుంచె చెవి వెనక పెట్టుకుని, ఆమె వెనకవైపు చూసింది. ఇంకో అక్క ఏదని తమిళంలో అడిగింది.

"రాలేదు," అంది అలివేలు.

కలైసెల్వి లేచింది. పీట జరిపి లోపలికి దారి ఇచ్చింది.

దాన్ని ముందు చూసింది భావనే. మెట్రో స్టేషను. మట్టితో పోసిన ప్లాట్‌ఫారం, మెట్లు, పైన నీలం బోర్డు. చుట్టూ పట్టాలు, వాటిమీద బ్యాటరీ వేస్తే తిరిగే రైలు. కలైసెల్వి మీట నొక్కింది. రైలు చిన్నగా గుర్రుమంటూ ఒక చుట్టు తిరిగి, స్టేషను దాటి, మళ్లీ వచ్చింది. అలివేలు వంగి చూసింది. హేమ కోసం ఏ ఏడైనా ఆమె ఎగిరి పట్టుకునే బొమ్మ అది. ఇది రాకెట్టుకు వీపు పెట్టిన మీ మామియారుకు కానుక అని హేమను ఉడికించి ఉండేది.

"మనుషులేరీ దీంట్లో?" అంది భావన. ప్లాట్‌ఫారం మీద ఒక్కరూ లేరు. మనుషుల్ని వేరే ఇంటివాళ్లు పోస్తారని, ఈ ఏడు వానలకు ఇంకా రాలేదని కలైసెల్వి చెప్పింది.

"మీకు నచ్చింది కదా అత్తయ్యా, తీసుకోండి."

అలివేలు తీసుకుంది. తన బొమ్మ తను ఎంచుకోవడం ఆమెకు ఇదే మొదలు. కలైసెల్వి వరిగడ్డిలో చుట్టి, పేపరు పెట్టి, పురికొస కట్టి ఇచ్చింది. ఇన్నేళ్లుగా మనసుపడిన రకం బొమ్మ ఇప్పుడు ఆటోలో ఒళ్లో ఉంది. సంతోషం రావాలి. నాలిక కాలినప్పుడు ఏం తిన్నా మెత్తగా ఉందో గట్టిగా ఉందో తెలుస్తుంది తప్ప రుచి తెలియదు. ఆమెకు అట్లానే ఉంది. దారిలో భావన ఏదో చెబుతూనే ఉంది, ఆమె ఊకొడుతూనే ఉంది.

నవరాత్రి మొదటి సాయంత్రానికి తాంబూలం సంచులు కట్టాలి. అలివేలు చాప పరిచి, సామాన్లన్నీ వరసగా పెట్టుకుంది. తమలపాకులు, వక్కలు, అరటిపండ్లు, పూలు, గాజులు, చిన్న అద్దం, దువ్వెన, రవికె గుడ్డ, సుండల్ గుగ్గిళ్ల డబ్బాలు. పసుపు, కుంకుమ పొట్లాలు ఏటా సంచి అడుక్కు జారి ఎక్కడో చినిగిపోతున్నాయని, ఈసారి ఆమె ఒక కొత్త ఉపాయం కనిపెట్టింది. రెండు పొట్లాల్నీ రవికె గుడ్డ మూలకు పెట్టి స్టేప్లర్‌తో పిన్ను కొట్టడం. గుడ్డ మడత, మూల మీద పొట్లాలు, టక్కున ఒక నొక్కు. భావన ఒక్కో సంచి నోరు తెరిచి పట్టుకుంటే ఆమె జారవిడిచింది. పని చకచకా సాగింది.

"హేమ ఆంటీకి ఏది?" అంది భావన.

అలివేలు చెయ్యి ఆగింది. "సుమ్మా ఉండు, ఆమె రాదులే."

"పిలిచారా?"

"సూతకంలో యాడికొస్తది?"

"వాళ్లింట్లో పెట్టకూడదు గానీ, మనింటికి రాకూడదని ఏముంది? పిలవండి అత్తయ్యా. ఎవరన్నా ఏమన్నా అంటే నేను చెప్తా."

సోఫాలో పేపరు చదువుతున్న దామోదరం వైపు చూసింది అలివేలు, ఆయనైనా వద్దంటాడేమోనని. ఆయన పేపరు దించి "నీ స్నేహితురాలు, నీ ఇష్టం. నన్నెందుకు చూస్తావు?" అని మళ్లీ చదువుకున్నాడు. అడ్డం పడేవాళ్లు ఒక్కరూ లేకపోయేసరికి ఆమెకు చెమట పట్టింది. నలుగురు ఆడవాళ్ల ముందు హేమను కూర్చోబెట్టి, బొట్టు పెట్టే తట్ట ఆమె దగ్గరికి వచ్చేసరికి ఏం చేయాలి? పెడితే ఒకటి, దాటిస్తే ఒకటి. ఆమె బాధపడుతుందని చెప్పుకుంది మనసులో. భయపడుతున్నది హేమ కోసం కాదని ఆమెకు తెలుసు.

కట్టిన సంచుల్లోంచి ఒకటి లాగింది. గాజులు తీసింది. పూలు తీసింది. ఆకులు, వక్కలు, అద్దం, దువ్వెన తీసింది. రవికె గుడ్డ మూలనున్న పొట్లాలు రెండు వేళ్లతో పట్టుకుని లాగేసింది. పండ్లు, సుండల్ డబ్బా, ఉత్త గుడ్డ మిగిలాయి. సంచి తేలికైపోయింది. నోరు మడిచి కోడలికి ఇచ్చింది.

"పేరంటాళ్లు వచ్చేలోపల స్కూటీ మీద పోయి ఇచ్చి రాపో. నేను రమ్మన్నానని... వద్దులే, ఏం చెప్పొద్దు."

భావన ఆ సంచిని చూసింది, అత్తగారిని చూసింది. సంచి తీసుకుని స్కూటీ తాళాలు అందుకుంది.

వచ్చినవాళ్లు వచ్చారు. రైలు చూసి అందరూ మురిసిపోయారు, వీడియోలు తీసుకున్నారు. అలివేలు బొట్లు పెట్టింది, సంచులు ఇచ్చింది, పాడమంటే పాడింది. రైలు ఖాళీ స్టేషను చుట్టూ తిరుగుతూనే ఉంది. ఎవరూ ఎక్కని, ఎవరూ దిగని ఆ రైలును చూసి చూసి ఆమె చివరికి మీట ఆపేసింది.

జనం పోయాక భావన వచ్చింది. చేతిలో గడ్డి చుట్టి, పురికొస కట్టిన అట్టపెట్టె. ఆ ముడి కలైసెల్విదని అలివేలుకు చూడగానే తెలిసింది.

"హేమ ఆంటీ ఇచ్చారు. మీ అత్తయ్య బొమ్మ, ఈ ఏటిది, అని చెప్పారు."

"ఆమె కొసపేటకు పోయిందా? ఎప్పుడు పోయిందంట?"

"అది చెప్పలేదు. స్టేషన్‌లో మనుషులు లేరంట కదా, అని మాత్రం అన్నారు."

అలివేలు ముడి విప్పింది. లోపల అరచేతంత మట్టిబొమ్మలు, తాతలనాటి అచ్చుల్లో పోసినవి. గంపతో పూలమ్మే ఆమె. తలమీద కుండ పెట్టుకున్న పిల్ల. మృదంగం వాయించే ఆయన. చిలక జోస్యం చెప్పేవాడు. పొయ్యి ముందు కూర్చుని వడలు కాల్చే అవ్వ. కొలతకు ఒక్కటీ కుదరదు, వడలవ్వ రైలుకంటే ఎత్తుంది. అయినా అలివేలు వాటిని ఒకటొకటే తీసి ప్లాట్‌ఫారం మీద నిలబెట్టింది. పూలామెను మెట్ల దగ్గర, జోస్యంవాణ్ని బోర్డు కింద, అవ్వను రైలు ఆగే చోట. నిలబెట్టడం అయ్యేసరికి అది స్టేషనైపోయింది.

అప్పుడు తట్టింది ఆమెకు తను చేసిన పొరపాటు. కొలువు లేనిది హేమ ఇంట్లో. హేమ బొమ్మ ఎంచేది అలివేలు ఇంటికి. ఆ సగానికి సూతకం ఎక్కడిది? చావు ఒక ఇంట్లో జరిగితే తను రెండు ఇళ్ల లెక్కా కొట్టేసింది. కోడల్ని వెంటబెట్టుకుని పోయి, తన బొమ్మ తనే కొనుక్కుని వచ్చింది. కలైసెల్వి ఆ సంగతి హేమకు చెప్పే ఉంటుంది. తెలిసీ, తను తెచ్చుకున్న ఆ రైలుకే మనుషుల్ని వెతికి పంపింది హేమ.

చాలా నెలల తర్వాత అలివేలుకు ఏదో అనిపించింది. సిగ్గు అది. ఒళ్లంతా పాకింది.

మర్నాడు పొద్దున్నే ఆటో ఎక్కి తొండియార్‌పేట పోయింది. హేమ వంటింటి గడప దగ్గర కూర్చుని పచ్చి బఠానీలు ఒలుస్తోంది. మెడ, నుదురు బోసిగా ఉన్నాయి. వంగపండు రంగు చీర, పాతదే. ఆమె కోడలు షాలిని కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది.

"రా," అంది హేమ. చేట కొంచెం పక్కకు జరిపింది. అలివేలు కూర్చుని తనూ ఒక కాయ తీసుకుని ఒలిచింది. 

హేమ లేచి అలమారలోంచి రవికె గుడ్డ తెచ్చి, మూల విప్పి అలివేలు ఒళ్లో పెట్టింది. నీలం గుడ్డ మూలన స్టేప్లర్ పిన్ను వంకరగా నిలిచి ఉంది. దానికి ఇంకా చిరిగిన పేపరు ముక్క, కుంకుమతో ఎర్రగా.

"పిన్ను పీకడం మర్చినావు. వేలికి గుచ్చుకునింది."

అలివేలు ఆ పిన్నునే చూస్తూ ఉండిపోయింది. "నాకేం జేయాల్నో తెలీలేదు హేమా."

"నన్నడిగుండొచ్చు గదా."

"నువ్వు బాధపడతావని..."

"బాధా?" హేమ ఇంకో కాయ తీసుకుంది. గొంతు పెరగలేదు, తగ్గలేదు. "ఆయన పోయినకాణ్ణించీ చెయ్యి ఎవురిదో కాలు ఎవురిదో అన్నట్టుండా అలివేలూ. ఏం తింటుండానో తెలీదు. నీ కుంకుమ కోసరం నేను చూడ్లా. ఆదివారం కోసరం చూసినా. అదొక్కటి గుర్తు పెట్టుకోని ఉన్న్యా. పొద్దన్నే చీర మార్చుకోని, సంచి తీసుకోని వాకిట్లో కూర్చున్న్యా. నా కోడలు మజ్జిగ తెచ్చిచ్చి, లోపలికి రాండి అత్తా, ఎండొచ్చిందని చెప్పేదాకా కూర్చున్న్యా."

అలివేలు ఏడవలేదు. ఏడిస్తే హేమ తనను ఓదార్చాల్సి వస్తుంది, అది ఇంకా అన్యాయం. రెండు వేళ్లతో పిన్ను కాళ్లు విప్పదీసి, గుడ్డలోంచి జాగ్రత్తగా లాగి, కొంగు చివర ముడివేసుకుంది.

"లెయ్," అంది. "కొసపేటకి పోదాం. నీ బొమ్మ నేను ఎంచాల."

"ఈ ఏడు మా ఇంట కొలువు లేదే."

"కొలువు లేకపోతే పోనీ. బొమ్మ పెట్టెలో ఉంటది. వచ్చే ఏటికి దిగతది."

హేమ చేటలోకి చూసింది. చేతిలో ఉన్న కాయ ఒలిచేసింది. తర్వాత చేట ఎత్తి, "షాలినీ, ఇవి చూసుకోమా," అని లోపలికి ఇచ్చి, చీర కుచ్చిళ్లు దులుపుకుంది.

కలైసెల్వి కొట్టు సగం ఖాళీ అయింది. ఇద్దర్నీ కలిపి చూసి ఆమె రెండో పీట వేసింది. అలివేలు వరసల మధ్య తిరిగింది. చెయ్యి తనకు తెలియకుండానే ఒక వేణుగోపాలుడి మీదికి పోయింది. శాంతంగా ఉన్నాడు. హేమకు ఈ ఏడు ఇదే తగును అనుకుంది.

"అది పెట్టెయ్," అంది హేమ వెనకనుంచి. "మొగుడు పోయినకాణ్ణించీ వచ్చినోళ్లందురూ నాకు దేవుణ్ణే ఇస్తుండారు. పుస్తకాలు, పటాలు, భజన క్యాసెట్లు. నువ్వు గూడానా?"

అలివేలు వేణుగోపాలుణ్ని ఆయన చోట పెట్టేసింది. అడుగు వరసలో, మూలకు నెట్టేసిన ఒక బొమ్మ కనబడింది. బ్యూటీ పార్లర్ కుర్చీలో కాళ్లు చాపుకుని పడుకున్న ఆడమనిషి. మొహమంతా తెల్లటి పూత, కళ్ల మీద రెండు కీరదోస ముక్కలు. ఎవరూ కొనలేదు పాపం, దుమ్ము పట్టి ఉంది. అలివేలు దాన్ని ఎత్తి, కొంగుతో తుడిచి, హేమ ముందు పెట్టింది.

హేమ మొహం చిట్లించింది. అచ్చం ఏటా చిట్లించినట్టే. "అయ్యో రామా, ఇదేం కర్మ," అంది. ఇంకాసేపు చూసింది. "దీనికేం దిగుల్లేదు చూడు," అంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు రెండుసార్లు కదిలాయి. అది నవ్వో కాదో అలివేలు అడగలేదు.

తిరుగుదారిలో బొమ్మ ఇద్దరి మధ్య సీటు మీద ఉంది. గతుకులు వచ్చినప్పుడల్లా ఇద్దరూ చెరో చెయ్యి వేసి పట్టుకున్నారు.

"సాయంత్రం మా ఇంటికి రా," అంది అలివేలు. "తట్ట నీ ముందర పెడతా. నీకేది కావాల్నో అది తీసుకో, వద్దంటే వద్దు. నేనై నేను ఏదీ తీసెయ్యను."

"అందురూ ఉంటారా?"

"ఉంటారు."

"సరి. వడలవ్వను యాడ నిలబెట్టినావో చూడాల."

ఆటో హేమ ఇంటి ముందు ఆగింది. ఆమె దిగి, బొమ్మను రెండు చేతులా తీసుకుని, వాకిట్లో ఒక్క క్షణం నిలబడింది. తర్వాత వెనక్కి తిరిగింది.

"వచ్చే ఏడు నువ్వు ఈడికి రావద్దు అలివేలూ."

"ఏం?"

"ఆదివారం నేనే వచ్చి మీ వాకిట్లో నిలబడతా. నిన్ను నమ్ముకోని కూర్చోను."

అలివేలు నవ్వింది. హేమ నవ్వలేదు. బొమ్మకు తగలకుండా గడప దాటి, లోపలికి పోయి, తలుపు మెల్లగా దగ్గరికి వేసుకుంది. ఎక్కడికి పోనివ్వాలమ్మా అని డ్రైవరు రెండుసార్లు అడిగాక అలివేలు ఇంటి అడ్రసు చెప్పింది.